గీజరు మీట ఎంత తిప్పాలి?

భోగి తెల్లవారుజామున అమలాపురం దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో ఏడుగురు తలంటుకు సిద్ధంగా ఉన్నారు. అందరి తలలకూ నూనె, చేతుల్లో నలుగుపిండి, స్నానాలగది ముందు వరస. గోడకున్నది 15 లీటర్ల గీజరు. దాని మీటను చివరిదాకా తిప్పి ఉంచారు. మొదట వెళ్ళిన బావగారికి పొగలు కక్కే నీళ్ళు వచ్చాయి. తరవాత అక్కకూ ఫర్వాలేదు. మూడోవాడు పదేళ్ళ పిల్లవాడు. ఒళ్ళంతా నలుగు పెట్టుకుని నిలబడ్డాక నీళ్ళు చల్లబడ్డాయని లోపలినుంచి ఒకటే కేకలు. "మొత్తం తిప్పే ఉంది కదా నాయనా, ఇంతకన్నా ఏం తిప్పుతాం?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

నాకు ముఖ్యంగా తోచింది ఆ ప్రశ్నే. మీట ఎంత తిప్పితే నీళ్ళు అంత త్వరగా, అంత ఎక్కువగా కాగుతాయని మనలో చాలామంది అనుకుంటారు. అందులో వాళ్ళ తప్పు లేదు, అది పాత అలవాటు. కోనసీమ ఇళ్ళలో పెరట్లో రాగి బాయిలరు ఉండేది. మధ్యలో గొట్టం, కింద మంట. కొబ్బరి డొక్కలు రెండు ఎక్కువ వేస్తే నీళ్ళు త్వరగా కాగేవి, తక్కువ వేస్తే నెమ్మదిగా కాగేవి. అక్కడ మంటను పెంచేదీ తగ్గించేదీ మన చెయ్యే. గీజరు మీటను కూడా ఆ చెయ్యే తిప్పుతోంది.

కానీ గీజరులో మంట ఎప్పుడూ ఒకటే. లోపలి ఎలిమెంటు 2,000 వాట్లదైతే, వెలిగినంతసేపూ 2,000 వాట్లే. మీటను సగంలో ఉంచినా, చివరిదాకా తిప్పినా దాని వేగం మారదు. మీట చేసే పని ఒక్కటే: ఏ వేడి దగ్గర ఆపాలో చెప్పడం. మీట వెనక థర్మోస్టాట్ ఉంటుంది. నీళ్ళు ఆ హద్దుకు చేరగానే అది కరెంటు తెంపేస్తుంది, కొంత చల్లారగానే మళ్ళీ కలుపుతుంది. చాలా గీజర్లలో ఎలిమెంటు పనిచేస్తున్నంతసేపూ ఒక దీపం వెలిగి, హద్దు చేరగానే ఆరిపోతుంది. ఆ దీపం ఆరిందంటే గీజరు చెడిపోయినట్టు కాదు, చెప్పిన పని పూర్తి చేసినట్టు.

లెక్క వేస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4.19 కిలోజౌళ్ళ శక్తి కావాలి. 2,000 వాట్ల ఎలిమెంటు సెకనుకు 2 కిలోజౌళ్ళు ఇస్తుంది. శీతాకాలం ఉదయం మేడ మీది ట్యాంకు నీళ్ళు 25 డిగ్రీలున్నాయి అనుకుందాం. 15 లీటర్లను 50 డిగ్రీలకు తేవడానికి 13 నిమిషాలు, 60కి తేవడానికి 18 నిమిషాలు, 75కి తేవడానికి 26 నిమిషాలు పడుతుంది. మీట 75 దగ్గర ఉన్నా సరే, 50 డిగ్రీలు చేరేది ఆ పదమూడో నిమిషంలోనే. త్వరగా స్నానం చేయాలని మీట పెంచినవాళ్ళకు ఒక్క నిమిషం కూడా కలిసిరాదు.

వేగాన్ని నిజంగా మార్చేది వోల్టేజి. 230 వోల్టులు రావలసిన చోట 180 వస్తే ఎలిమెంటు శక్తి ఇరవై శాతం తగ్గుతుందని పైకి అనిపిస్తుంది. నిజానికి అది వోల్టేజి వర్గాన్ని (దాన్ని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను) బట్టి పడిపోతుంది కాబట్టి 61 శాతమే మిగులుతుంది. పద్ధెనిమిది నిమిషాల పని అరగంట అవుతుంది. వోల్టేజి నిలకడగా ఉండని ఊళ్ళలో కొన్ని రోజులు గీజరు బాగున్నట్టు, కొన్ని రోజులు పాడైనట్టు అనిపించడానికి తరచుగా ఇదే కారణం. మెకానిక్కుకు ఫోను చేసేముందు ఫ్యాను ఎలా తిరుగుతోందో ఒకసారి చూడండి.

మరి మీట పెంచడం వల్ల వచ్చేదేమీ లేదా? ఉంది. వేగం పెరగదుగాని నిల్వ పెరుగుతుంది. మనం 60 డిగ్రీల నీళ్ళు ఒంటిమీద పోసుకోం, చన్నీళ్ళు కలిపి 40 దగ్గరికి తెచ్చుకుంటాం. 15 లీటర్లు 60 డిగ్రీలుంటే, 20 లీటర్ల చన్నీళ్ళు కలిపి 35 లీటర్ల స్నానపు నీళ్ళు చేసుకోవచ్చు. 75 డిగ్రీలుంటే అవే 15 లీటర్లు 50 లీటర్లవుతాయి. ఒక తలంటుకు రెండు బకెట్లు, అంటే 36 లీటర్లు వేసుకుంటే, ఒక్కొక్కరి స్నానం గీజరు నుంచి తీసుకునే వేడిని మళ్ళీ నింపడానికి 2,000 వాట్ల ఎలిమెంటుకు 19 నిమిషాలు పడుతుంది. మనుషులు పది నిమిషాలకొకరు లోపలికి వెళుతున్నారు. సుమారు సగం నిండేసరికే మళ్ళీ ఖాళీ అవుతోంది.

ఆ భోగినాటి లెక్కను తరవాత కాగితం మీద వేసి చూశాను. మీట 60 దగ్గర ఉంటే రెండో మనిషికే గోరువెచ్చని నీళ్ళు వచ్చేవి. చివరిదాకా తిప్పినందువల్ల ఆ చన్నీళ్ళు రెండో మనిషి నుంచి మూడో మనిషికి జరిగాయి, అంతే. నాలుగో మనిషి నుంచి ఏడో మనిషిదాకా ఎలాగూ తప్పదు. ఏడుగురు ఉన్న ఇంట్లో ఆ సమస్యకు మీట దగ్గర పరిష్కారం లేదు. మనిషికీ మనిషికీ మధ్య ఇరవై నిమిషాలు వదలాలి, లేదా పెద్ద గీజరు కావాలి, లేదా పక్కన ఇంకో మంట ఉండాలి.

నీళ్ళు ఎలా చల్లబడతాయో కూడా తెలుసుకోవాలి. ఇక్కడ ఆ రాగి బాయిలరే మంచి గురువు. దానికి పైన ఒక గరాటు ఉండేది, దాంట్లో చన్నీళ్ళు పోస్తే ముక్కు నుంచి వేన్నీళ్ళు బయటికి వచ్చేవి. పోసిన చల్లనీళ్ళు అడుగుకు వెళ్ళి, పైనున్న వేడినీళ్ళను బయటికి నెట్టేవి. గీజరు కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. మనం వేడి కుళాయి తిప్పితే అడుగున చన్నీళ్ళు లోపలికి వస్తాయి, తేలికగా పైకి తేలిన వేన్నీళ్ళు పై గొట్టంలోంచి బయటికి వస్తాయి. కాబట్టి గీజరు "ఖాళీ" కావడం అంటూ ఉండదు, చల్లనీటితో నిండిపోవడమే ఉంటుంది. కొత్త ఇళ్ళలో కొన్నిచోట్ల ప్లంబరు ఎర్ర గుర్తున్న గొట్టాన్నీ నీలం గుర్తున్న గొట్టాన్నీ తారుమారుగా బిగిస్తాడు. అప్పుడు చన్నీళ్ళు పైనుంచి పడి వేడినీటిలో కలిసిపోతాయి, మీట ఎంత తిప్పినా గోరువెచ్చగానే వస్తుంది. కొన్నప్పటినుంచీ వేడి చాలడం లేదనిపిస్తే మొదట అనుమానించవలసింది ఈ గొట్టాలనే.

ఇక్కడో హెచ్చరిక. ఇదంతా నీళ్ళు నిల్వ ఉండే గీజరు సంగతి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరులో నిల్వ దాదాపు లేదు కాబట్టి వేడిని నిర్ణయించేది కుళాయి. 3,000 వాట్ల గీజరు 25 డిగ్రీల నీటిని 40కి తెచ్చి నిమిషానికి మూడు లీటర్ల లోపే ఇవ్వగలదు. కుళాయి పెద్దగా తిప్పితే చల్లబడుతుంది, సన్నగా తిప్పితే వేడెక్కుతుంది. గ్యాసు గీజరులో మాత్రం ఒక మీట నిజంగానే మంటను పెంచుతుంది, ఇంకోటి నీటి ధారను మారుస్తుంది. ఆ గీజరును తలుపు మూసుకునే స్నానాలగదిలో పెట్టకూడదని గట్టిగా చెబుతాను. గాలి ఆడని చోట మండే గ్యాసు నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, స్పృహ తప్పేదాకా తెలియదు. బయట వరండా గోడకు బిగించి గొట్టం లోపలికి తెచ్చుకోవాలి.

సరే, మామూలు గీజరుకు ఎన్ని డిగ్రీలు పెట్టాలి? రెండు వైపులనుంచి హద్దులున్నాయి. 60 డిగ్రీల నీళ్ళు సుమారు ఐదు సెకన్లలో పెద్దవాళ్ళ చర్మాన్ని కూడా గట్టిగా కాలుస్తాయి, 50 డిగ్రీలైతే అందుకు నిమిషాలు పడుతుంది. పిల్లల చర్మం, ముసలివాళ్ళ చర్మం ఇంకా త్వరగా కాలుతుంది. మరోవైపు 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిల్వ నీళ్ళలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, 60 దాటితే చస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బాక్టీరియా అది. గోరువెచ్చగా రోజులతరబడి నిల్వ ఉన్న నీళ్ళు మంచివి కావు. మన డెల్టాలో, రోజూ గీజరు వాడి నీళ్ళు మార్చే ఇంట్లో 55 నుంచి 60 మధ్య పెట్టుకోవడం నా సలహా. చిన్నపిల్లలుంటే బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి, తరవాత వేన్నీళ్ళు కలిపే అలవాటు చేసుకోవాలి. పండక్కి ఊరు వెళ్ళి వారం తరవాత తిరిగివచ్చారా? ఆ రోజు మీటను 60 పైకి తిప్పి, దీపం ఆరేదాకా కాగనిచ్చి, కొన్ని నీళ్ళు వదిలేసి, అప్పుడు మామూలు చోటికి తేవాలి.

"అస్తమానూ ఆన్ చేసి ఉంచితే మళ్ళీ మళ్ళీ కాచే ఖర్చు తప్పుతుంది కదా" అని అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. తప్పదు. గీజరు ఎంత వేడిగా ఉంటే గోడల గుండా అంత వేడి పోతూ ఉంటుంది, ఎంతసేపు వేడిగా ఉంటే అంతసేపు పోతుంది. గీజరు మీద అంటించే స్టార్ల గుర్తు కొలిచేది కూడా ఇరవై నాలుగు గంటల్లో ఊరికే పోయే ఆ వేడినే. స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, అయ్యాక ఆపేయడమే చౌక.

ఇప్పుడు నీళ్ళ సంగతి. గోదావరి డెల్టాలో గీజరు గురించి రాసేవాళ్ళెవరైనా దీన్ని వదిలేస్తే సగం రాసినట్టే. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయినప్పటినుంచీ కాలువ నీళ్ళు ఈ నేలను తడుపుతున్నాయి. కాలువ గట్టు పక్కన బోరు వేస్తే ఊటకు తియ్యని నీళ్ళు పడతాయి. అదే సముద్రం వైపు, సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన, అటు నరసాపురం, మొగల్తూరు వెళ్ళేకొద్దీ బోరునీటిలో ఉప్పు పెరుగుతుంది. రెండు ఊళ్ళలో ఒకే గీజరు కొన్న ఇద్దరికి వేరువేరు అనుభవాలు ఎదురవుతాయి.

చెడ్డ నీళ్ళంటే మనం ఒకటే అనుకుంటాం గానీ అందులో రెండు రకాలున్నాయి. ఒకటి సున్నం నీళ్ళు: కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నవి. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, కాచిన గిన్నెకు తెల్లని గార పడుతుంది. ఈ సున్నానికి ఒక వింత గుణం ఉంది. పంచదార వేడినీళ్ళలో ఎక్కువ కరుగుతుంది, ఇది మాత్రం వేడి పెరిగేకొద్దీ నీళ్ళలోంచి విడిపోయి ఎలిమెంటుకు అంటుకుంటుంది. 60 దాటాక మరీ వేగంగా గార కడుతుంది. రెండోది ఉప్పు నీళ్ళు: క్లోరైడు ఎక్కువ. గార అంతగా కట్టకపోవచ్చుగానీ లోహాన్ని తినేస్తుంది. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఈ రెంటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది, విడదీసి చెప్పదు. సబ్బు నురగ, నాలుక మీద రుచి, ఈ రెండే ఇంట్లో దొరికే నమ్మకమైన పరీక్షలు.

మలికిపురం దగ్గర బంధువుల ఇంట్లో నాలుగేళ్ళు వాడిన గీజరును విప్పుతుంటే దగ్గరుండి చూశాను. కింది పలక ఊడదీయగానే తడిసిన ఇసుకలాంటి బూడిదరంగు మడ్డి చేటెడు పడింది. బొటనవేలి లావు లేని ఎలిమెంటు గొట్టం చుట్టూ గార పేరుకుని, చెరకు ముక్కంత లావైంది. మెకానిక్ స్క్రూడ్రైవరు వెనకవైపుతో కొడితే పెంకుల్లా ఊడింది. ఆ పెంకు కింద ఎలిమెంటు మామూలుకన్నా ఎక్కువగా కాగుతుంది, దాని వేడి నీటికి సులువుగా చేరదు. అందువల్ల ఎలిమెంటు త్వరగా కాలిపోతుంది. పక్కనే ఉండవలసిన మెగ్నీషియం కడ్డీ స్థానంలో ఒక సన్నని ఇనుప తీగ మాత్రం మిగిలింది.

ఆ కడ్డీ గురించి కొన్నవాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పరు. దాని పేరు ఆనోడ్. అది తాను అరిగిపోతూ ట్యాంకును కాపాడడానికే ఉంది. నీళ్ళు ముందు మెగ్నీషియాన్ని తింటాయి, అది ఉన్నంతకాలం ఉక్కు జోలికి పోవు. కడ్డీ అయిపోయిందంటే ట్యాంకు వంతు మొదలైనట్టే. ఉప్పునీళ్ళలో అది ఇంకా త్వరగా అరుగుతుంది. సముద్రం వైపు ఊళ్ళలో ఏడాదికొకసారి విప్పించి చూపించుకోవాలి, తీగ బయటపడుతూ ఉంటే మార్పించాలి. ట్యాంకు ధరతో పోలిస్తే కడ్డీ ధర ఏపాటి? కొన్ని బోర్లలో వేన్నీళ్ళకు మాత్రం కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. నీళ్ళలోని సల్ఫేటును కొన్ని బాక్టీరియా ఆ కడ్డీ సాయంతో మార్చడం వల్ల వచ్చే వాసన అది. దానికి కడ్డీ పీకి పారేయకండి. నీళ్ళను బాగా కాచి, ట్యాంకంతా వదిలేసి, మళ్ళీ నింపండి.

కాబట్టి సున్నం నీళ్ళున్న ఇంట్లో మీట 55 దాటకుండా ఉంచడం కరెంటు కోసం మాత్రమే కాదు, ఎలిమెంటు ఆయుష్షు కోసం.

ఉప్పునీళ్ళతో మరో ప్రమాదం ఉంది. అవి కరెంటును మంచినీళ్ళకన్నా బాగా మోసుకుపోతాయి. ఎలిమెంటు గొట్టానికి చిల్లు పడితే ఆ కరెంటు నీటిధారలోకి వస్తుంది. గీజరుకు సరైన ఎర్తింగు, కరెంటు లీకైన క్షణంలో లైను తెంపే ఆర్‌సీసీబీ, ఈ రెండిటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ స్నానాలగదిలో గీజరు నడుస్తూ ఉండగా స్నానం చేయవద్దు. కాగాక స్విచ్చి ఆపి వెళ్ళండి. 2,000 వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దగ్గర లాగుతుంది, 3,000 వాట్లది పదమూడు. మామూలు చిన్న సాకెట్టు సరిపోదు, 16 ఆంపియర్లదే కావాలి.

మీట ఒకటే కనిపిస్తుందిగానీ దాని వెనక ఇంకో ఇద్దరు కాపలాదారులున్నారు. వాళ్ళ పని తెలియక వాళ్ళనే దోషులుగా చూస్తాం. మొదటిది కటౌట్. థర్మోస్టాట్ ఏ కారణంగానైనా ఆపలేకపోతే, నీళ్ళు మరిగేలోపు ఇది కరెంటును తెంపేస్తుంది. తనంతట తాను మళ్ళీ కలవదు, ఎవరో మూత విప్పి చిన్న బొడిపెను నొక్కాలి. మా ఇంట్లో ఒక శీతాకాలం గీజరు ఉన్నట్టుండి ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ ఆ బొడిపె నొక్కి, బాగైందని డబ్బు తీసుకుని వెళ్ళాడు. వారానికి మళ్ళీ ఆగింది, మళ్ళీ నొక్కాడు. మూడోసారి ఇంకో పెద్దాయనను పిలిచాం. ఆయన బొడిపె ముట్టుకోలేదు. థర్మోస్టాట్‌ను బయటికి తీసి, కళ్ళజోడు పైకి జరుపుకుని, కిటికీ వెలుగులో నాకు చూపించాడు. లోపల కలుస్తూ విడిపోతూ ఉండవలసిన రెండు లోహపు చుక్కలు నల్లగా మాడి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. "ఇది ఆపడం మానేసి చాలా రోజులైందండీ, పాపం కటౌటే మిమ్మల్ని కాపాడుతోంది" అన్నాడు. రెండు వారాలు మేము వాడిన గీజరుకు మీట ఉన్నా లేనట్టే. కటౌట్ ఒకసారి పడిందంటే ఎందుకు పడిందో చెప్పమని అడగండి. కారణం చెప్పకుండా నొక్కి వెళ్ళేవాళ్ళకు డబ్బివ్వకండి. మీకు మీరుగా మూత విప్పాలనుకుంటే ముందు మెయిన్ దగ్గర ఎంసీబీ దించండి, గోడ స్విచ్చిని నమ్మవద్దు.

రెండోది చన్నీటి గొట్టం దగ్గరుండే సేఫ్టీ వాల్వు. 15 లీటర్ల నీళ్ళు 25 నుంచి 60 డిగ్రీలకు కాగితే ఒక గ్లాసెడు ఉబ్బుతాయి. కుళాయిలన్నీ మూసి ఉండి, వెనక్కి పోయే దారి లేకపోతే ఆ గ్లాసెడు నీళ్ళూ వాల్వు నుంచి చుక్కలుగా కారుతాయి. కాగుతున్నప్పుడు మాత్రమే కారితే అది దాని పని. ఆ చుక్కలు చూసి వాల్వు ముక్కుకు గుడ్డ కట్టడం, మూత బిగించడం చేయకండి, లోపలి ఒత్తిడికి ఉన్న దారి అదొక్కటే. గీజరు ఆపినా పగలూ రాత్రీ కారుతూ ఉంటే మాత్రం వాల్వు మార్చాలి.

ఇంగ్లండు లాంటి చలిదేశాలకు పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దవాళ్ళు అక్కడ వంటింటి గోడకు ఇంకో బాయిలరు చూస్తారు. అది నీళ్ళను కాచి గొట్టాలగుండా గదుల్లోని రేడియేటర్లకు పంపి ఇల్లంతా వెచ్చబరుస్తుంది. చాలావాటికి రెండు మీటలు: ఒకటి గదులకు పంపే నీటి వేడికి, ఒకటి కుళాయి నీటికి. గది ఎంత వెచ్చగా ఉండాలో చెప్పే థర్మోస్టాట్ మళ్ళీ వేరే ఉంటుంది. గది త్వరగా వెచ్చబడుతుందని దాన్ని 30కి తిప్పడం కూడా మన గీజరు పొరపాటు వంటిదే, 20 దాటాక అనవసరంగా గ్యాసు మండుతుంది. ఆ బాయిలర్లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. అందుకు గదులు తిరిగి వెనక్కి వచ్చే నీళ్ళు 55 డిగ్రీల లోపు ఉండాలి. కాబట్టి అక్కడ గదుల మీటను తగ్గించి పెడితే గ్యాసు ఆదా అవుతుంది.

మళ్ళీ మన గోడ దగ్గరికి వద్దాం. మీట చుట్టూ ఉన్న 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు, ఒక్కో గీజరుకు ఒక్కో అర్థం. అందుకని కొలవడమే మార్గం. నూరు డిగ్రీలదాకా చూపించే వంటగది థర్మామీటరు ఒకటి కొనండి, జ్వరం చూసేది పనికిరాదు. మీటను మధ్యలో ఉంచి దీపం ఆరేదాకా ఆగండి. వేడి కుళాయి ఒక్కటే తిప్పి, గొట్టంలో నిలిచిన చల్లనీళ్ళు పోయాక, చెంబులో పట్టి చూడండి. 48 వస్తే మీటను కొంచెం పైకి, 68 వస్తే కిందికి తిప్పి మర్నాడు మళ్ళీ కొలవండి. రెండు మూడు రోజుల్లో మీ ఇంటి 55 ఎక్కడుందో తెలిసిపోతుంది.

పెద్దమ్మ ఇంట్లో నేను అదే చేశాను. ఆవిడ గీజరు మీటకు 2 దాటిన చోట 56 డిగ్రీలు వచ్చింది. అక్కడ మేనకోడలి గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాం. మరుసటి ఏడు భోగికి మాత్రం గీజరు ఒక్కదాన్నే నమ్ముకోలేదు. పది లీటర్ల నీళ్ళు కళపెళా మరిగితే వాటిలో ఉన్న వేడి, 75 డిగ్రీల దగ్గరున్న ఆ 15 లీటర్ల గీజరు వేడితో సరిగ్గా సమానం. పెరట్లో మూడు రాళ్ళ మీద గంగాళం పెట్టి, కింద కొబ్బరి డొక్కలు పేర్చి, వాకిట్లో భోగిమంట నుంచి ఒక కొరివి తెచ్చి అంటించారు. గీజరు నుంచి ఒకరు, గంగాళం నుంచి ఒకరు. పిల్లవాణ్ణి ముందు పంపారు.